చుట్టాల కార్డు

వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీలుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్ గారూ, ఈ ఉద్యోగంలో ముందు ఏం నేర్చుకోవాలండీ?" అని అడుగుతారు. జీవోలు చదవండి, బిల్డింగు రూల్సు బట్టీ పట్టండి అని చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం, ఏ వీధి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ వీధిలో ఎవరింటి అరుగు మీదయినా ఓ పూట కూచుని రమ్మంటాను. పెద్దావిడకి చాదస్తం అనుకుని, కాఫీ తాగేసి వెళ్ళిపోతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నా పేరు సువార్త. మా తాత ఆలమూరు దగ్గర పరాయి పొలాల్లో కూలి చేశాడు. మా నాన్న మిషను స్కూల్లో పాఠాలు చెప్పాడు. నేను మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్లో చేరి, టేపు పట్టుకుని కోనసీమ వీధులు కొలిచి కొలిచి రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎవరికి ఎలా వస్తాయో మీకే తెలిసివస్తుంది. ఒక్క వీధి గురించి రాస్తాను. ఆ ఊరి పేరు చెప్పను. ఆ వీధివాళ్ళు అసలే మొహమాటస్తులు, అచ్చులో తమ సంగతి చూసుకుంటే గడప దాటి బయటికి రారు.

ఫిర్యాదు వచ్చిన వేళకే వెళ్ళాలి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసరు ఒకాయన ఉండేవారు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ పని తెలిసిన మనిషి. ఒకసారి మార్కెట్ వీధిలో బళ్ళు అడ్డం పెడుతున్నారని ఫిర్యాదు వస్తే, నేను మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వెళ్ళి చూసి, "ఇబ్బందేమీ లేదు" అని రాసిచ్చాను. ఆయన ఆ కాగితం నా ముందే చింపేశారు. "బళ్ళు వచ్చేది పొద్దున్న కదమ్మా, నువ్వు వెళ్ళింది నీకు వీలైనప్పుడా, వాళ్ళకి కష్టం వచ్చినప్పుడా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ ఫిర్యాదుకీ నా వీలు చూసుకుని వెళ్ళలేదు.

నేను చెప్పబోయే వీధి పేరు కొబ్బరి కొట్ల వీధి. ఒకప్పుడు అక్కడ కొబ్బరి ఆరబోసే కొట్లుండేవి. తరవాత కొట్లు పోయి ఇళ్ళు వచ్చాయి. ఆ తరవాత వీధి మొదట్లో ఎముకల ఆస్పత్రి వచ్చింది. ప్లానులో సెల్లారు మొత్తం పార్కింగ్ అని చూపించారు. బిల్డింగు లేచాక ఆ సెల్లారులో ఎక్స్‌రే గది, మందుల షాపు వెలిశాయి. మేం నోటీసులిచ్చాం, వాళ్ళు కోర్టుకెళ్ళారు. ఇలాంటివి ఏళ్ళ తరబడి నడుస్తాయి, మీరూ చూస్తారు. ఈలోగా ఆ ఆస్పత్రికొచ్చే కార్లన్నీ ఇళ్ళ ముందు నిలబడేవి.

కోనసీమలో ఎముకల ఆస్పత్రి అంటే మామూలు రద్దీ కాదు. తడిసిన కొబ్బరిచెట్టు మీంచి జారిపడ్డ దింపు కూలీలు, గట్టు మీద కాలుజారిన రైతులు, మోటారుసైకిళ్ళ కుర్రాళ్ళు. ఒక్కొక్కరి వెనకాల కారు నిండా బంధువులు. లంక గ్రామాల నుంచీ, రాజోలు వైపు నుంచీ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండేవారు.

వీధివాళ్ళు తమ గేట్ల ముందు సిమెంటు వరలు, పూలకుండీలు పెట్టుకున్నారు. అది ఆక్రమణ కాబట్టి మేం వెళ్ళి తీయించాం. తీసిన చోటే కార్లు వచ్చి ఆగాయి. మాకు కృతజ్ఞతలు చెప్పింది ఆస్పత్రికొచ్చినవాళ్ళు మాత్రమే.

శారదగారి గేటు

ఒకరోజు ఆ వీధి నుంచి ఒకావిడ ఆఫీసుకి వచ్చింది. పేరు శారద, హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ భర్త మూర్తిగారికి ఫొటో స్టూడియో ఉండేది. కిడ్నీలు పాడై, వారానికి మూడు సార్లు ఊరికి ఆ చివరనున్న పెద్దాస్పత్రిలో డయాలిసిస్ చేయించుకోవాలి. చెప్పిన వేళకి వెళ్ళకపోతే ఆ బెడ్డు వెనక వరసలో ఉన్న మనిషికి ఇచ్చేస్తారు. ఇవ్వాలి కూడా, వాళ్ళవీ ప్రాణాలే. ఆయన్ని తీసుకెళ్ళడం కోసమే శారద కారు నేర్చుకుంది. కారుంది, డ్రైవింగ్ వచ్చు, కానీ గేటు ముందు ఎవరిదో కారు.

"ఏమీ అనుకోకండి మేడమ్ గారు, ఎవరి మీదా కంప్లైంటు కాదండి," అని మొదలుపెట్టింది. "గేటుకి అడ్డంగా పెట్టేస్తున్నారండి. వాళ్ళని అనడానికీ లేదండి, పాపం కాళ్ళు చేతులు విరిగినోళ్ళు. నిన్న లోపలికెళ్ళి కారు ఎవరిదని అడిగేను. ఒకబ్బాయి లేచేడు. వాళ్ళ నాన్నగారిని అప్పుడే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళేరంట. అతని మొహం చూసి ఇంక నేనేం అంటానండి? మీరు కూర్చోండి బాబూ అని చెప్పి వచ్చేశాను."

"మరి మూర్తిగారిని ఎలా తీసుకెళ్ళారు?"

"ఆటో దొరికేసరికి లేటయిపోయిందండి. బెడ్డు ఇచ్చేసేరు. రాత్రంతా ఆయాసపడ్డారు."

అప్పటి మా కమిషనర్ గారు వేరే జిల్లా మనిషి. పక్క గదిలోంచి అంతా విన్నారు. ఆవిడ వెళ్ళాక, "ఏంటమ్మా ఇది, మీ వాళ్ళు ఫిర్యాదు కూడా పెళ్ళి పిలుపులా చేస్తారు?" అన్నారు. నవ్వుతూ అన్నారే గానీ ఆ సాయంత్రమే నన్ను పిలిచి ఏదో ఒకటి చేద్దామన్నారు.

మేం చేసింది ఇదీ. వీధిలో ప్రతి ఇంటికీ ఒక పర్మిట్ కార్డు, దాని మీద డోర్ నంబరు. కార్డు ఉన్న కారే ఆ వీధిలో నిలవాలి. లేని కారు చక్రానికి ట్రాఫిక్ కానిస్టేబుల్ తాళం వేస్తాడు. ఆస్పత్రికొచ్చేవాళ్ళకి ఓ ఫర్లాంగు దూరంలో పాత మార్కెట్ స్థలం చూపించాం. పెద్ద పట్టణాల్లో ఇలా నడుస్తుందని విన్నాం, మన దగ్గర ఎందుకు నడవదనుకున్నాం.

మొదటిరోజు కానిస్టేబుల్‌తో నేనే వెళ్ళాను. అవధానిగారి ఇంటి ముందు కార్డు లేని కారుంది. అవధానిగారంటే ఆ వీధిలో పెద్దాయన, వేదం చదువుకున్న మనిషి, వీధిలో అందరికీ గౌరవం. కానిస్టేబుల్ తాళం వేయడానికి వంగాడో లేదో ఆయన అరుగు దిగి వచ్చారు.

"ఆగు నాయనా, ఆ కారు మా చుట్టాలదండీ."

కారుపక్కన బిక్కమొహం వేసుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. "మీ చుట్టమా అండీ? ఈయన పేరేంటండీ?" అన్నాను.

అవధానిగారు ఏమాత్రం తొణక్కుండా అతని వైపు తిరిగి, "ఏమండీ, తమరి పేరేంటండీ?" అని నా ఎదురుగానే అడిగారు.

"సత్తిబాబండి, ఆత్రేయపురమండి. మా తమ్ముడు చెట్టు మీంచి పడిపోయేడండి," అన్నాడతను.

"సత్తిబాబండి," అని అవధానిగారు నాకు చెప్పారు.

కానిస్టేబుల్‌కి నవ్వాగలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ వారమంతా ఇదే వరస. ఏ కారు దగ్గరికెళ్ళినా ఏదో ఒక గేటు తెరుచుకోవడం, "మా చుట్టాలండీ" అనడం. ఏ జనం కోసం రూలు పెట్టామో వాళ్ళే వచ్చి మా చెయ్యి పట్టుకుని ఆపుతుంటే ఎవరి మీద కోప్పడను?

వద్దన్న కార్డు

కమిషనర్ గారు వీధివాళ్ళందరినీ మీటింగుకి పిలిచారు. శారద వెనక వరసలో కూచుంది. అవధానిగారే లేచి మాట్లాడారు.

"ఇళ్ళన్నిటికీ కార్డులిచ్చేరు, సంతోషమండి. మా ఇంటికి చుట్టం వస్తే ఏం చెప్పమంటారు? కారు పాత మార్కెట్‌లో పెట్టి, ఎండలో నడిచి రమ్మనాలా? ఆ మాట నా నోటితో అనలేనండి. చుట్టాలకి కూడా ఇంటికి రెండు మూడు కార్డులు ఇప్పించండి."

"ఆయ్, అదేనండి, అంతేనండి," అని అన్ని పక్కల నుంచీ వినబడింది.

"మీ చుట్టం ఎవరో మాకెలా తెలుస్తుందండీ?" అని నేను లేచాను.

"మా ఇంట్లో మంచినీళ్ళు తాగినవాడు మా చుట్టమేనమ్మా," అన్నారాయన.

నేను గట్టిగా వద్దన్నాను. ఆ కార్డు ఇస్తే పథకం ఆ రోజుతోనే సరి, కోనసీమ మొత్తం వీళ్ళకి చుట్టాలే అవుతుంది, శారదగారి గేటు మళ్ళీ మూసుకుపోతుంది అన్నాను. ఎదురుగా ఆవిడే ఉంది కాబట్టి ఆవిడ నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను. ఆవిడ తలొంచుకుంది. కమిషనర్ గారు మాత్రం, "ఇవ్వండమ్మా. ఇవ్వకపోతే వీళ్ళు రోజూ అబద్ధాలాడాలి. ఇస్తే నిజమే చెబుతారు," అన్నారు. పచ్చరంగులో చుట్టాల కార్డులు అచ్చు వేయించాం. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు.

నెల తిరక్కుండానే వీధి మళ్ళీ కార్లతో నిండిపోయింది. అన్నిటి అద్దాల మీదా పచ్చకార్డులే. ఒక్కటీ ఆ వీధివాళ్ళ కారు కాదు. పథకం రద్దు చేయాలని నోట్ రాసుకుని, ఆఖరుసారి వీధి చూసి సంతకానికి పెడదామని ఒక మధ్యాహ్నం బయల్దేరాను. ముసురు పట్టి ఉంది. అటువంటి రోజుల్లోనే చెట్ల మీంచి ఎక్కువ మంది జారిపడతారు. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా కార్లు. రెండు వరసల మధ్య మోటారుసైకిల్ పట్టేంత దారి. శారద గేటు ముందు కూడా పచ్చకార్డు పెట్టుకుని ఒక కారుంది. అనుకున్నంతా అయింది కదా అనుకుంటూ నిలబడ్డాను.

అప్పుడే శారద గేటు తీసుకుని బయటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఆయనకి ఊపిరి అందట్లేదండి," అంది నాతో. అని ఊరుకోలేదు. వీధి వైపు తిరిగి ఒకే ఒక్క మాట గట్టిగా అంది. "అవధాని బాబాయిగారూ, తాళాలండీ!"

తాళాలేమిటో నాకు అర్థం కాలేదు. అవధానిగారు ఉత్తరీయం భుజాన వేసుకోవడం కూడా మరిచి అరుగు దిగారు. ఆయన చేతిలో కారు తాళాలున్నాయి. ఎదురింటి మేరీ పిన్నిగారు, ఆవిడ కూడా స్కూల్లో టీచరే, చేతిలో తాళంతో పరుగున వచ్చింది. మూడో ఇంటి తలుపు తెరుచుకుంది, ఐదో ఇంటిది తెరుచుకుంది. ప్రతి చేతిలోనూ తాళాలు. అన్నీ ఇతర ఊళ్ళ కార్లవి. అవధానిగారికి డ్రైవింగ్ రాదు. ఆయన తాళాలు డ్రైవింగ్ వచ్చినవాళ్ళ చేతుల్లో పెడుతున్నారు. మేరీ పిన్నిగారు ఎవరిదో కొత్త కారెక్కి, అద్దం సరిచేసుకుని, ఆస్పత్రి వైపు వెనక్కి తీసింది. దాని వెనక ఇంకొకటి కదిలింది. ఎవరూ ఎవరినీ కేకలేయలేదు, ఒక్క హారన్ మోగలేదు. నేను అక్కడ నిలబడి చూస్తుండగానే శారద గేటు ముందు కారు పోయింది, దాని ముందుది పోయింది, మెయిన్ రోడ్డు దాకా దారి తెరుచుకుంది.

మూర్తిగారిని ఇద్దరు పట్టుకుని వెనక సీట్లో కూచోబెట్టారు. శారద కారు వెళ్ళిపోయింది. వాన పడుతూనే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వీధిలో అలాంటిది చూడలేదు. వెళ్ళి పక్కనున్న అరుగు మీద కూచున్నాను.

మేకు

అది అవధానిగారి అరుగే. ఆయన వచ్చి పక్కన కూచున్నారు. లోపల తలుపు పక్కన గోడకి మేకు కొట్టి ఉంది. దానికి తాళాలు వేలాడుతున్నాయి.

"ఇదేంటండీ?" అన్నాను.

"తాళం మా ఇంట్లో ఇచ్చి వెళ్ళినవాళ్ళకే పచ్చకార్డు అండీ," అన్నారాయన. "మొదలుపెట్టింది మా శారదమ్మేనండి. ఒకబ్బాయిని, మీరు వచ్చి కారు తియ్యక్కర్లేదు బాబూ, తాళం ఇచ్చి వెళ్ళండి, నాకు అవసరమైతే నేనే తీసుకుంటానని అడిగిందండి. ఆ అబ్బాయి ఇచ్చేశాడు. అలా అందరం నేర్చుకున్నాం."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు కారు తాళం ఇచ్చి వెళ్ళిపోతారా అండీ?"

"మొదట తటపటాయిస్తారండి. మంచినీళ్ళు తాగేక ఇస్తారు. లోపల అయినవాళ్ళకి కాలు తీసేస్తారో ఉంచుతారో తెలియని మనిషికి కారు మీద ధ్యాస ఏముంటుందండీ? ఎవరో ఒకరు చూస్తున్నారంటే వాళ్ళకీ అదో ధైర్యం."

ఆ సత్తిబాబు, ఆత్రేయపురం మనిషి, అప్పటికి తమ్ముణ్ణి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడట. తరవాత ఒకసారి పూతరేకులు తెచ్చి ఇంటింటికీ పంచి వెళ్ళాడట. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అతని భార్య స్నానానికి అవధానిగారి ఇంటికే వచ్చేదట. ఇవన్నీ ఆయన చాలా మామూలుగా చెప్పారు. వింటున్న నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఆయన కంగారుపడి, "అయ్యో, కాఫీ తీసుకోండమ్మా," అన్నారు.

మూర్తిగారు ఆ రోజు గండం గడిచి బయటపడ్డారు. రద్దు నోట్ నేను సంతకానికి పెట్టలేదు. సంగతంతా చెబితే కమిషనర్ గారు ఆ నోట్ చింపేయమన్నారు.

పిల్లలూ, మీకొక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇది చూసి ఉబ్బిపోయి, బస్టాండు పక్క వీధిలోనూ ఇదే పద్ధతి పెట్టించాను. ఘోరంగా పోయింది. అక్కడ కింద షాపులు, పైన అద్దె గదులు. తాళం తీసుకునే గడపే లేదు. షాపుల వాళ్ళు పచ్చకార్డులు అద్దెకిచ్చారు. కాబట్టి నేను చెప్పింది విని మీ ఊళ్ళో ఇలాగే చేయకండి. ముందు వెళ్ళి ఆ వీధిలో ఎవరున్నారో, వాళ్ళు అప్పటికే తమలో తాము ఏం సర్దుకుంటున్నారో చూడండి. దాన్ని చెడగొట్టకుండా ఉండటమే సగం పని. సెల్లారుల్లో పార్కింగ్ మింగేసినవాళ్ళని మాత్రం వదలకండి. వీధివాళ్ళ మంచితనం వాళ్ళకి పర్మిట్ కాదు.

నా తాళం

నేను రిటైరైన కొన్నాళ్ళకి మూర్తిగారు పోయారు. పలకరించడానికి వెళ్ళాను. వీధి ఎప్పటిలాగే నిండి ఉంది. శారద గేటు ముందు మాత్రం ఖాళీ. వానలో ఆ గండం వచ్చిన రోజు నుంచీ అక్కడ ఎవరూ పెట్టడం లేదట. "ఇంక పెట్టుకోండి అని అందరికీ చెప్పేనండి," అంది శారద. "ఆయ్, అలాగేనండి అంటారు. ఎవరూ పెట్టరు. తెలియని వాళ్ళు పెట్టబోతే పక్కింటివాళ్ళు వచ్చి వేరే చోటు చూపిస్తున్నారు." ఆ మాట చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మొన్న వేసవిలో మా అక్క స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. వెనక సీట్లో పడుకోబెట్టుకుని నేనే కారు నడుపుకుంటూ ఆ ఆస్పత్రికి వచ్చాను. అక్క మూలుగుతోంది. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళారు. కారు ఎక్కడ పెట్టాలి? వీధి పొడుగునా చూశాను. ఎక్కడా సందు లేదు, శారద గేటు ముందు తప్ప. అక్కడ పెట్టడానికి నాకు చేతులు రాలేదు. పాత మార్కెట్‌కి వెళదామని, నేను పెట్టిన రూలు నేనే పాటిద్దామని కారు వెనక్కి తీస్తున్నాను.

గేటు తెరుచుకుంది. శారద జుట్టు నెరిసింది.

"అదేంటి మేడమ్ గారు, ఇక్కడ పెట్టండి."

"మా అక్కని లోపలికి తీసుకెళ్ళారు. కానీ ఇది మూర్తిగారి దారమ్మా."

"ఆయనుంటే ఈపాటికి గేటు తీసి నిలబడేవారండి. తాళం ఇలా ఇవ్వండి. అక్కగారు లోపల ఒంటరిగా ఉంటారు, మీరు వెళ్ళండి."

నా కారు తాళం నేను ఎవరికీ ఇచ్చే మనిషిని కాదు. సర్వీసుకిస్తే దగ్గర నిలబడి చూసుకునేదాన్ని. ఆ రోజు తాళం ఆవిడ చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాను. డాక్టరు ఏదో చెబుతుంటే వింటున్నాను, అక్క చెయ్యి పట్టుకుని కూచున్నాను, కారు అనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయాను. అవధానిగారు అప్పుడెప్పుడో అరుగు మీద చెప్పింది ఆ బెంచీ మీద కూచున్నప్పుడు నాకు అనుభవానికొచ్చింది.

సాయంత్రం బయటికి వచ్చేసరికి గేటు ముందు నా కారు లేదు. మళ్ళీ చూస్తే అవధానిగారి ఇంటి ముందు, నీడలో ఉంది. వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేకుండా మెయిన్ రోడ్డు వైపు తిప్పి పెట్టారు. అద్దం మీద పచ్చకార్డు, దాని మీద శారద ఇంటి నంబరు. ఆవిడ గేటు ముందు మళ్ళీ ఖాళీ.

శారద తాళమూ, భోజనం క్యారేజీ తెచ్చి ఇచ్చింది. "ఎవరు తీసి పెట్టారమ్మా కారు?" అని అడిగాను.

"తెలీదండి. తాళం బాబాయిగారింట్లో మేకుకే తగిలించేను. ఎవరో తీసి ఉంటారండి."

అద్దం మీంచి కార్డు తీసి ఆవిడకి ఇవ్వబోయాను. అది నేను నిండు మీటింగులో లేచి నిలబడి వద్దన్న కార్డు. ఆవిడ నా చేతిని మెల్లగా వెనక్కి తోసింది.

"ఉంచండి మేడమ్ గారు. అక్కగారు లేచి నడిచేదాకా మీరు మా చుట్టాలే కదండీ."

"ఆయ్," అన్నాను. కార్డు మళ్ళీ అద్దం మీద పెట్టాను.